చందుర్తి యుద్ధభూమి: బల్ల మీద నేల తయారీ డైరీ

జూలై, వానల మొదలు

ఈ ఏడాది నా ఆటబల్ల మీదకు వస్తున్నది చందుర్తి యుద్ధం. 1758 డిసెంబరులో పిఠాపురానికి చేరువలో, ఇప్పటి కాకినాడ జిల్లా గొల్లప్రోలు మండలంలోని చందుర్తి దగ్గర, కర్నల్ ఫ్రాన్సిస్ ఫోర్డ్ నడిపిన ఈస్టిండియా కంపెనీ సేన కాన్‌ఫ్లాన్స్ నడిపిన ఫ్రెంచి సేనను ఓడించింది. ఫోర్డ్‌ను బెంగాల్ నుంచి పంపినవాడు అక్కడ కంపెనీ వ్యవహారాలు నడుపుతున్న రాబర్ట్ క్లైవ్. విజయనగరం ఆనంద గజపతి రాజు తన బలగంతో ఫోర్డ్ పక్షాన ఉన్నాడు. ఇంగ్లిషు చరిత్రకారులు దీన్ని కాండోర్ యుద్ధమని రాస్తారు. ఉత్తర సర్కారులు, అంటే ఇప్పటి కోస్తా జిల్లాలు, ఫ్రెంచివారి చేతి నుంచి జారిపోవడం ఇక్కడే మొదలైంది.

చిన్న లోహపు సైనికులతో, కొలబద్దతో, పాచికలతో ఆడే ఈ ఆటలో చాలామంది ముందు సైనికులకు రంగులు వేసి, ఆ తర్వాత నేల సంగతి చూస్తారు. ఈసారి నేను నేలతో మొదలుపెడుతున్నాను, ఎందుకంటే ఈ యుద్ధాన్ని తిప్పింది ఒక చేను.

కంపెనీ వరుసలో ఐరోపా పటాలం మధ్యన ఉంది, సిపాయిలు, అంటే కంపెనీ కొలువులోని మన దేశపు సైనికులు, రెండు పక్కలా ఉన్నారు. పటాలం వచ్చి ఆగిన చోట మొక్కజొన్న మనిషిని మించి పెరిగి ఉండడంతో ఎదుటి పక్షానికి ఆ పటాలం కనిపించనే లేదు. బయలు నేల మీద కనిపించినవాళ్లు ఎర్ర కోట్లు తొడిగిన సిపాయిలు. సిపాయిలని పట్టించే వాళ్ల చిన్న జెండాలను కూడా చుట్టి నేల మీద పెట్టించాడు ఫోర్డ్. వాళ్లే ఇంగ్లిషు పటాలమని నమ్మిన ఫ్రెంచి పటాలం ఎడమ పక్క సిపాయిల మీదకు నడిచింది. సిపాయిలు వెనక్కి తగ్గారు, ఫ్రెంచివారు వరుస చెదిరి తరిమారు. అప్పుడు చేనులోని పటాలం తిరిగి వాళ్ల పక్కన నిలిచి కాల్పులు జరిపింది.

చేను పొట్టిదైతే ఈ కథ జరగదు. అందుకే నా బల్ల మీద ఆ పైరు ఎత్తు ఎంతో తేల్చుకున్నాకే మిగతా పని.

జూలై చివర: కొలతలు

బొమ్మలు 15 మి.మీ. రకం. అంటే పాదం నుంచి కంటి దాకా పదిహేను, తలపాగాతో కలిపి పద్దెనిమిది మి.మీ. దాకా వస్తాయి. ఇది దాదాపు 1:100 నిష్పత్తి. రెండు మీటర్ల ఇరవై సెంటీమీటర్ల పైరు ఈ లెక్కన 22 మి.మీ. ఎత్తు ఉండాలి. బొమ్మ నిలిచే పీట మందం మరో రెండు మి.మీ. కాబట్టి పైరు అంచు 24 దగ్గర ఉంటేనే తలలు దాగుతాయి.

ఎత్తుకు ఒక నిష్పత్తి, దూరానికి మరొకటి ఉండడం ఈ కళలో తప్పనిసరి. దూరాన్ని కూడా 1:100లో తీసుకుంటే ఒక కిలోమీటరు నేలకు పది మీటర్ల బల్ల కావాలి. నేను ఒక సెంటీమీటరుకు పది మీటర్లు పెట్టుకున్నాను. 180 × 120 సెం.మీ. బల్ల అప్పుడు 1,800 × 1,200 మీటర్ల మైదానం అవుతుంది. దీనివల్ల ఒక గుడిసె నిలిచిన జాగా అసలు లెక్కలో ఒక చిన్న వాడకు సరిపోతుంది. ఊరు చూపించాలంటే మూడు ఇళ్లు చాలు, పది పెడితే అది పట్నం.

ఇక చేను వెడల్పు. ఫోర్డ్ దగ్గర ఐరోపా సైనికులు సుమారు 470 మంది. మూడు వరుసల్లో నిలబెడితే ఒక్కో వరుసకు 157 మంది, మనిషికి అరవై సెంటీమీటర్లు వేసుకుంటే దాదాపు 94 మీటర్లు. బల్ల మీద తొమ్మిదిన్నర సెంటీమీటర్లు. ఇరవై మందికి ఒక బొమ్మ చొప్పున 24 బొమ్మలు, ఎనిమిదేసి బొమ్మలుండే నలభై మి.మీ. పీటలు మూడు, మొత్తం పన్నెండు సెంటీమీటర్లు. ఈ కొద్ది తేడాను ఆటలో భరించవచ్చు. పటాలం నిలవడమే కాదు, తిరగడానికీ చోటు ఉండాలి కనుక చేనును 24 × 16 సెం.మీ. చేస్తున్నాను.

ఆగస్టు మొదట్లో: బల్ల మీదకు రాకూడనివి

చందుర్తి వైపు వెళ్లి, పొలం గట్ల మీద నడిచి, ఫోటోలు తీసుకుని వచ్చాను. ఆ ఫోటోలు చూసి ఉన్నదున్నట్టు బల్ల మీద పెడితే 1758 రాదు. అందుకే తయారు చేయాల్సిన వాటికంటే ముందు తీసేయాల్సిన వాటిని రాసుకున్నాను.

సర్కారు తుమ్మ పోవాలి. ఇప్పుడు ప్రతి బీడులోనూ కనిపించే ఈ చెట్టు మన దేశానికి 19వ శతాబ్దం రెండో సగంలో వచ్చింది. నీలగిరి చెట్లు, సరుగుడు తోటలు ఆ తర్వాతి కాలపు నాట్లు. వయ్యారిభామ కలుపు ఇంకా కొత్తది, 1950ల తర్వాతే దేశమంతా పాకింది. గోదావరి జిల్లా అనగానే మనసులో మెదిలే కాలువలు, ఏడాది పొడవునా కనిపించే పచ్చదనం కూడా అప్పటివి కావు. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది 1852లో. యుద్ధం నాటికి ఇంకా తొంభై ఏళ్లకు పైగా మిగిలి ఉంది. నా బల్ల మీది నేల వానను, చెరువును నమ్ముకున్న నేల. డిసెంబరు కాబట్టి వరి కోతలు అయిపోయి కొయ్యకాళ్లు మిగిలి ఉంటాయి, గట్ల మీద గడ్డి వాడుతూ ఉంటుంది.

ఉంచాల్సినవి: తాడి చెట్లు, మామిడి, చింత, వేప, గట్ల వెంట నాగజెముడు లేని ముళ్లకంప, చెరువు గట్టు, గడ్డి కుప్పలు, తాటాకు ఇళ్లు. నాగజెముడు కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చిన మొక్కే. అప్పటికి ఇక్కడికి ఎంతగా చేరిందో ఊహించి పెట్టడం నాకు ఇష్టం లేదు. మొక్కజొన్నదీ అమెరికా మూలమే, కానీ దాన్ని చరిత్రే పేరు పెట్టి చెబుతోంది.

ఆగస్టు రెండో సగం: పలకలు

బల్లను ఆరు పలకలుగా చేస్తున్నాను, ఒక్కోటి అరవై సెంటీమీటర్ల చదరం. ఇలా పలకలుగా నేలను అమర్చే పద్ధతి ఈ ఆట పుట్టుకతోనే ఉంది. ఇప్పటి జర్మనీ ప్రాంతంలోని ప్రష్యా రాజ్యపు రాజుకు రైస్విట్జ్ అనే ఆయన 1812లో సమర్పించిన యుద్ధక్రీడ బల్ల మీద కొండలు, నదులు, ఊళ్లు ప్లాస్టరు పలకలుగానే ఉండేవి, వాటిని ఎలా కావాలంటే అలా మార్చి పేర్చుకోవచ్చు.

అడుగున ఆరు మి.మీ. ఎం.డి.ఎఫ్. (చెక్క పీచును నొక్కి చేసిన పలక), పైన ఇరవై మి.మీ. నురుగు పలక. ఇక్కడ థర్మోకోల్ వద్దు. అది గింజలు గింజలుగా రాలిపోతుంది, అంచు నిలవదు. ఇళ్ల పైకప్పులకు వేడి తగలకుండా వేసే ఎక్స్‌పీఎస్ ఇన్సులేషన్ బోర్డు కావాలి. గులాబీ, నీలం, బూడిద రంగుల్లో దొరుకుతుంది, కత్తితో చెక్కినా గీత శుభ్రంగా వస్తుంది. వేడి తీగతో కోసేటప్పుడు కిటికీలు తీసి, మాస్కు కట్టుకోవాలి, ఆ పొగ మంచిది కాదు.

వానాకాలంలో జాగ్రత్త పడవలసింది వంపు గురించి. ఫెవికాల్ ఆరేటప్పుడు కుంచించుకుపోతూ పలకను తన వైపు లాగుతుంది. పైన మట్టి, జిగురు దట్టంగా పట్టిస్తూ అడుగును ఒట్టిగా వదిలేస్తే అంచులు లేస్తాయి. అందుకని ఎం.డి.ఎఫ్. అడుగు భాగానికీ, నాలుగు అంచులకూ ముందుగా రెండు పూతలు జిగురునీళ్లు పట్టించి, ఫ్యాను కింద బరువు పెట్టి ఆరబెట్టాను. కోస్తా తేమలో ఒక్కో పూత ఆరడానికి ఎండాకాలం కన్నా బాగా ఎక్కువ సమయం పడుతోంది. తొందర లేదు.

వరి మడులకు గట్లు పురికొసతో చేశాను. ముప్పై సెంటీమీటర్ల గట్టు ఇక్కడ మూడు మి.మీ. పురికొసను జిగురులో ముంచి, మడి ఆకారంలో పరిచి, ఆరాక పుట్టీతో రెండు వైపులా వాలు తీశాను. గట్టు తిన్నగా గీత గీసినట్టు ఉండకూడదు. వంకర తిరగాలి, చెట్టు వచ్చిన చోట పక్కకు తొలగాలి.

వినాయక చవితి తర్వాత: మట్టి, రంగు

అసలు మట్టినే వాడాను. ఎండబెట్టి, దంచి, మొదట పిండి జల్లెడలో, తర్వాత టీ జల్లెడలో జల్లించాను. టీ జల్లెడ దాటిన పొడి మాత్రమే 1:100 నేలకు సరిపోతుంది. మామూలు ఇసుక రేణువు ఈ నిష్పత్తిలో గులకరాయిలా కనిపిస్తుంది. పలకకు జిగురు పూసి మట్టి చల్లి, ఆరాక సగం నీళ్లు సగం ఫెవికాల్ కలిపి పిచికారీ చేశాను. ఆ నీళ్లలో గిన్నెల సబ్బు ఒక చుక్క వేస్తే మట్టి మీద బొట్లుగా నిలబడకుండా లోపలికి దిగుతుంది. డబ్బా స్ప్రే రంగులు నురుగుకు నేరుగా తగలకూడదు, వాటిలోని ద్రావకం ఎక్స్‌పీఎస్‌ను కరిగించేస్తుంది. అందుకే మొత్తం కుంచెతో, నీటి ఆక్రిలిక్ రంగులతోనే.

అసలు మట్టి ఉండగా రంగెందుకు? మట్టి జిగురు తాగాక ముదురుతుంది, చిన్న నిష్పత్తిలో ఆ ముదురు ఇంకా బరువుగా కనిపిస్తుంది. దూరం నుంచి చూసే నేల ఎప్పుడూ కాస్త పాలిపోయి ఉంటుంది, బల్ల మీది నేలను మనం చూసేది కిలోమీటరు ఎత్తు నుంచి చూస్తున్నట్టే. మొదట ముదురు గోధుమ, దాని మీద పసుపు కలిసిన గోధుమను పొడి కుంచెతో. కుంచెకు రంగు అద్ది, గుడ్డకు తుడిచేసి, మిగిలిన పొడి రంగును మిట్టల మీద మాత్రమే తాకించాలి. చివరి తాకుడు దాదాపు తెల్లటి గంధం రంగు. మడుల లోపల మాత్రం ఈ చివరి పూత మానేశాను, కోత తర్వాత కొంతకాలం అక్కడ తడి ఉంటుంది.

కొయ్యకాళ్ల సంగతి కొంత ఆలోచింపజేసింది. కొడవలితో కోస్తే జానెడు లోపే మిగులుతుంది, అంటే ఇక్కడ ఒకటిన్నర మి.మీ. బజారులో దొరికే కృత్రిమ గడ్డిలో అతి పొట్టిదే రెండు మి.మీ., పైగా అది నేలంతా ఒకేలా కప్పేస్తుంది. గోనె పీచును కత్తెరతో ఒక మి.మీ. ముక్కలుగా కత్తిరించి, జిగురు చుక్కలు వరుసలుగా పెట్టి చల్లాను. నిలువుగా నిలబడినవీ పడుకున్నవీ కలిసి, పై నుంచి చూస్తే కోసిన మడిలాగే ఉంది. ఈ మడులు నాకు మొత్తం బల్లలో అతి ఇష్టమైన భాగం.

దసరా సెలవులు: చేను

ఇదే అసలు పని. రెండు అవసరాలు ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి. కంటికి పైరు దట్టంగా ఉండాలి, ఆటకు బొమ్మల పీటలు అందులో నిలబడాలి. దట్టంగా అతికిస్తే పీట దూరదు, వరుసల మధ్య నలభై మి.మీ. వదిలితే చేను చేనులా ఉండదు.

చేనును 8 × 4 సెం.మీ. ముక్కలుగా విడగొట్టాను. 24 × 16 చేనుకు అడ్డంగా మూడు, నిలువుగా నాలుగు, మొత్తం పన్నెండు ముక్కలు. పటాలం చేనులోకి ప్రవేశించినప్పుడు ఆ చోటి ముక్కలను ఎత్తి పక్కన పెడితే పీటలు కూర్చుంటాయి. చుట్టూ మిగిలిన పైరు అలాగే నిలబడి కళ్లకు అడ్డంగా ఉంటుంది. ముక్కల కింద నేల మీద సాళ్లు గీసి రంగు వేశాను, ఎత్తేసినా అది చేనేనని తెలుస్తుంది.

ముక్కల లోపలి భాగం కొబ్బరి పీచు కాలిపట్టా. గుమ్మం ముందు పరిచే ఆ పట్టాలను మన కోనసీమ వైపు నుంచి ఎవరైనా తెచ్చిపెడతారు, లేకపోయినా ఏ ఊరి బజారులోనైనా దొరుకుతాయి. నాకు దొరికిన దాని పీచు ఎత్తు పదహారు మి.మీ. కావలసింది ఇరవై నాలుగు. అందుకని అడుగున ఎనిమిది మి.మీ. నురుగు ముక్క అతికించి దాని మీద పట్టా నిలబెట్టాను. ఆ నురుగు కనిపించకుండా చేసే బాధ్యత అంచు వరుసలది.

అంచు మొక్కలు ఒక్కొక్కటిగా చేతితో చేసినవి. కాండానికి కొబ్బరి ఈనెల చీపురు పుల్ల సన్నటి కొస. ఆకులకు జిగురునీళ్లలో తడిపి ఆరబెట్టిన పలచటి కాగితం, పొడవాటి సూది త్రిభుజాలుగా కత్తిరించి, మధ్యలో గోటితో మడత పెట్టాలి. మొక్కజొన్న ఆకు కాండాన్ని చుట్టుకుని మొదలై, పైకి లేచి, సగం నుంచి కిందికి వంగుతుంది. ఆకులు ఒకటి కుడికి, తర్వాతిది ఎడమకు, ఒకే తలంలో. ఈ ఒక్క క్రమం పాటిస్తే ఇంత చిన్న మొక్కైనా చూడగానే మొక్కజొన్న అని తెలుస్తుంది. నెత్తిన పూత కోసం పీచు కొసను చీల్చి అతికించాను.

రంగులో కింది మూడు ఆకులు ఎండు పసుపు, నడుమ ముదురు ఆకుపచ్చ, పైన కాస్త లేత. పట్టాకు ముందు పలచని ఆకుపచ్చ నీళ్లలా పోసి, ఆరాక కొసలకు మాత్రం గడ్డి రంగు. రెండింటి మధ్య అతుకు కనిపించకుండా ఒకే గడ్డి రంగును అంచు మొక్కల పూతకూ తాకించాను.

పరీక్షకు ఫోను చాలు. ఫోనును తలకిందులు చేసి బల్లకు ఆనిస్తే కెమెరా కన్ను బొమ్మ కంటి ఎత్తుకు దగ్గరగా వస్తుంది. ఫ్రెంచి వరుస నిలిచే చోటు నుంచి చూశాను. చేనులోని పటాలం టోపీలు, తుపాకుల కొసలు ఏవీ కనిపించలేదు. పక్కన బయట నిలిపిన ఎర్ర కోట్ల సిపాయిలు మాత్రం స్పష్టంగా ఉన్నారు. ఫ్రెంచి దళం ఎందుకు అటువైపు నడిచిందో చదివినప్పుడు అర్థమైంది, ఇప్పుడు కంటితో చూశాను. ఈ ఆటలో నేను వెతికేది ఇదే.

అక్టోబరు చివర: తాడి చెట్లు, ఇళ్లు, కుప్పలు

బొమ్మల అంగళ్లలో దొరికే ప్లాస్టిక్ చెట్లన్నీ కొబ్బరి జాతివే, ఈకల్లాంటి ఆకులతో. తాడికి విసనకర్ర ఆకు. దాన్ని ఎవరూ అమ్మరు, చేసుకోవాలి. వెదురు పుల్లకు మొదలు నుంచి కొస దాకా సన్నటి దారం చుట్టి, జిగురు, మట్టి పొడి పట్టిస్తే మాను మీది గుండ్రటి మచ్చలు వచ్చేశాయి. నల్లటి బూడిద రంగు, దాని మీద పొడి కుంచెతో తెల్ల బూడిద. పదిహేను మి.మీ. కాగితపు ముక్కలను మడతలు పెట్టి, అంచులను సన్నగా చీల్చి, రాగి తీగ తొడిమెలతో నెత్తిన గుచ్చాను. పచ్చి ఆకుల కింద ఎండు మట్టలు నాలుగైదు వేలాడాలి, అవి లేకపోతే తాడి తాడిలా ఉండదు. అసలు తాడి ఇరవై మీటర్లు దాటుతుంది. నిష్పత్తి ప్రకారం ఇరవై సెంటీమీటర్లు రావాలి, కానీ అంత ఎత్తయితే చేతులు తగిలి పడిపోతాయి. పన్నెండు దగ్గర ఆపాను. పైరు విషయంలో ఒక్క మి.మీ. కూడా వదలని నేను ఇక్కడ ఎనిమిది సెంటీమీటర్లు వదిలేశాను. పైరు ఎత్తు ఆటను మారుస్తుంది, తాడి ఎత్తు మార్చదు.

ఇళ్లలో రెండు చుట్టిళ్లు, ఒకటి రెండువాలు తాటాకిల్లు. చుట్టింటికి నలభై మి.మీ. పైపు ముక్క గోడ, పుట్టీ పూసి ఎర్రమన్ను రంగు. అట్టతో శంకువు చేసి, కొబ్బరి పీచును చూరు నుంచి నెత్తి దాకా అంచెలంచెలుగా అతికించాను. చూరు దాదాపు నేలను తాకేలా దిగాలి, గాలివానల తీరం కదా.

గడ్డి కుప్పల విషయంలో సేద్యం చేసే మా మామయ్య సలహా అడిగాను. "కుప్ప నెత్తి కోసుగా ఉండాలి అల్లుడూ, వాన నీరు లోపలికి దిగకుండా జారిపోవాలి. మొదలు దగ్గర కాస్త లోపలికి, నడుమ పొట్ట బయటికి" అన్నారు. సరిగ్గా అలాగే చేశాను. ఫిరంగుల పక్కన ఆ కుప్పలు ఉంటే నేలకు ఒక యజమాని ఉన్నాడని తెలుస్తుంది. ఈ యుద్ధం ఎవరి పంట మీద జరిగిందో రాసిన వృత్తాంతం నేను చదవలేదు.

కార్తీకం: తొలి ఆట

అందరికీ కథ తెలిసిన యుద్ధంలో దాగిన పటాలాన్ని ఎలా దాచాలి? ఫ్రెంచి పక్షం ఆడే మా బావ కూడా చరిత్ర చదివినవాడే. ఒకే చేను ఉంటే ఆయన అటు చూడకుండా ఉండలేడు. దీనికి జవాబు కూడా నేల తయారీలోనే ఉంది. అదే కొలతతో మరో రెండు చేలు చేసి, కంపెనీ వరుస పొడవునా మూడింటినీ అమర్చాను. పటాలం ఏ చేనులో ఉందో కంపెనీ ఆటగాడు చీటీ మీద రాసి పెడతాడు. పటాలం కదిలినప్పుడో, శత్రువు పది సెంటీమీటర్ల లోపు వచ్చినప్పుడో చీటీ విప్పి, ముక్కలు ఎత్తి, బొమ్మలు పెట్టాలి.

మొదటి ఆటలో బావ తన ఫ్రెంచి పటాలాన్ని చాలాసేపు ముందుకు కదపలేదు. ఫిరంగులు ఆయన దగ్గరే ఎక్కువ కాబట్టి దూరం నుంచి సిపాయిలను కొడుతూ కూర్చున్నాడు. కాన్‌ఫ్లాన్స్ దగ్గర సుమారు ముప్పై ఫిరంగులు, ఫోర్డ్ సొంత బలగంలో ఆరు. ఆట పరంగా అది తెలివైన ఎత్తుగడే. అయితే చరిత్రలో కాన్‌ఫ్లాన్స్‌ను ముందుకు లాగింది, ఎదురుగా కనిపిస్తున్నదే ఇంగ్లిషు పటాలమన్న నమ్మకం. ఆ నమ్మకాన్ని ఆటగాడిలో కలిగించాలంటే సిపాయిల బొమ్మలకూ ఐరోపా సైనికుల బొమ్మలకూ మధ్య తేడా దూరం నుంచి తెలియకూడదు. చేల వెనక నేల కొద్దిగా పల్లంగా ఉంటే కాళ్లు, పంచెకట్టు, నిక్కర్లు కనిపించవు, ఎర్ర కోటు మాత్రమే కనిపిస్తుంది. నడుమ ఉన్న రెండు పలకల్లో ఒక వెడల్పాటి, ఐదు మి.మీ. లోతు పల్లం చెక్కబోతున్నాను. మడుల గట్లు పాడు కాకుండా కోయాలంటే వేడి తీగ పనికిరాదు, గీకుడు కాగితంతోనే అరగదీయాలి.

ఆ పల్లం అయ్యాక ఫ్రెంచి శిబిరం మిగులుతుంది: గుడారాలు, బళ్లు, ఫిరంగులు లాగే ఎడ్లు. ఫోర్డ్ సేన ఆ శిబిరాన్ని సామానుతో సహా పట్టుకుంది కాబట్టి అది ఖాళీగా ఉండకూడదు. తర్వాతి బల్ల మచిలీపట్నం కోట, 1759 ఏప్రిల్. కోట చుట్టూ బురద చిత్తడి, దాడికి దిగినవాళ్లలో ఒక దళం ఆ బురదలోంచే వచ్చింది. తడి బురద మెరుపుకు వార్నిష్ సరిపోతుందో రెజిన్ పోయాలో తేల్చుకోవడానికి రెండు చిన్న ముక్కలు ఇప్పటికే కిటికీ దగ్గర ఆరుతున్నాయి.